హస్తవాసికి సర్టిఫికెట్ ఎందుకు?

ఐ.పోలవరం పరిసరాల్లో వైద్యానికి నాణ్యతా ప్రమాణాల్లేవని ఎవరైనా అంటే నేనొప్పుకోను. సూది వేయనివాడు మా దగ్గర డాక్టరే కాడు. అంతకన్నా ఖచ్చితమైన ప్రమాణం ఢిల్లీలో ఉందా? సెలైన్ పెడితే అందులో పసుపు మందు కలవాలి. తెల్లగా దిగేది ఉప్పునీళ్లని మాకు తెలీదనుకున్నారా! వీటన్నిటి మీదా హస్తవాసి. దాన్ని ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వజాలదు, ఏ మెడికల్ కౌన్సిలూ రద్దు చేయజాలదు.

ఈ పరీక్షలన్నీ నెగ్గినవారే మా ఆరెంపీగారు. బోర్డు మీద ‘ప్రథమ చికిత్స కేంద్రం’ అని వినయంగా ఉంటుంది. లోపల ద్వితీయం, తృతీయం, ఒక్కోసారి అంతిమం కూడా కానిచ్చేస్తారు.

“మాత్రలెందుకండీ, రేపు కోతలున్నాయి, ఓ గట్టి సూదేసెయ్యండి” అంటాడు రోగి. “ఆయ్, అలాగేనండి” అంటారాయన. డెక్సా అనే స్టెరాయిడ్ పడుతుంది. నొప్పి ఎగిరిపోతుంది, షుగరు ఎక్కి కూర్చుంటుంది. ఆ సంగతి బయటపడేసరికి కోతలైపోతాయి, హస్తవాసి నిలబడుతుంది. జలుబుకి సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్. అది 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేనిదే అమ్మకూడదు, రోగి పేరు రాసిన పుస్తకం దుకాణంలో మూడేళ్లుండాలి. మా ఆరెంపీగారికి చీటీతో పనేముంది, సంచీయే దుకాణమైతే!

2016 నిబంధనల్లో ఆసుపత్రి చెత్తకు పసుపు, ఎరుపు, తెలుపు, నీలం అని నాలుగు రంగులు. మాకు ఒకటే రంగు, కాలువ రంగు. వ్యర్థాన్ని 48 గంటలకు మించి నిల్వ ఉంచరాదన్న రూలు మాత్రం తు.చ. తప్పకుండా పాటిస్తాం: ఐదు నిమిషాలైనా ఉంచం. ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో 2018లో పదుల మందికి హెచ్‌ఐవీ బయటపడింది. ఒకే సిరంజితో అందరికీ సూదులేశాడని ఓ డిగ్రీ లేని వైద్యుడి మీద కేసు పెట్టారు. ఆ వార్త విని మేమూ జాగ్రత్తపడ్డాం. సిరంజి కొత్తదేనా అని అడుగుతున్నాం. “కొత్తదేనండి” అంటారాయన. తనిఖీ పూర్తి.

ప్రభుత్వం మాత్రం ఊరుకుందా? 2023 ఏప్రిల్ 6న చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో ‘ఫ్యామిలీ డాక్టర్’ పథకం మొదలుపెట్టింది. పీహెచ్‌సీ డాక్టరు 104 బండితో నెలకు రెండుసార్లు ఊరికొస్తారన్నారు. ఫ్యామిలీ అన్న మాట అతిశయోక్తేం కాదు, హైదరాబాదులో స్థిరపడ్డ కొడుకు అంతకన్నా తక్కువే వస్తాడు. మిగతా 28 రోజులూ పాము కరవకుండా, గుండె ఆగకుండా ఎవరి జాగ్రత్తలో వాళ్లుండాలి. అర్ధరాత్రి బండేసుకొచ్చి, డబ్బులు పంట చేతికొచ్చాకే పుచ్చుకునే మనిషిని కాదనాలంటే, ఆ వేళకు తలుపు తీసేవాడు ఇంకొకడుండాలి కదండీ!

చట్టానికి కోరల్లేవా అంటే ఉన్నాయి. అర్హత లేని వైద్యానికి ఏడాది వరకూ జైలు, ఐదు లక్షల వరకూ జరిమానా అని 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం. కరవడానికే మనిషి దొరకడు. ఎంబీబీఎస్ చదివి క్లినిక్ పెట్టిన అమ్మాయిని రిజిస్ట్రేషనేదీ, ఫీజుల పట్టికేదీ, చెత్త ఎవరికిస్తున్నావని నిలదీయొచ్చు. ఆరెంపీగారు ఏ రిజిస్టర్లోనూ లేరు. లేని మనిషిని తనిఖీ చేయడమెలా? 2001 జనాభా లెక్కల్లో అల్లోపతి డాక్టర్లమని చెప్పుకున్నవారిలో 57 శాతానికి వైద్య డిగ్రీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో తేల్చింది. అందరూ ఓటరు జాబితాలో మాత్రం భద్రంగా ఉన్నారు. నాయకులు చదివే రిజిస్టరు అదొక్కటే.

చెయ్యి దాటిన కేసును ఆయనే కారెక్కించి పట్నం పంపిస్తారు. అక్కడి ఆసుపత్రి గోడ నిండా నాణ్యతా పత్రాలు, అద్దాల చట్రాల్లో. బిల్లులో పడక, పరీక్షలు, గ్లౌజులు, చివరికి దూది కూడా విడివిడిగా కనిపిస్తాయి. రోగిని పంపినందుకు ఆరెంపీగారికి ముట్టే కమీషను మాత్రం ఏ వరుసలోనూ కనిపించదు.