కథకు పెళ్లిచూపులు

1977లో మొదలైన హైదరాబాద్ దూరదర్శన్ ఉండేది రామంతాపూర్‌లోనే. అప్పట్లో తెలుగు బుల్లితెరకు అదొక్కటే గుమ్మం. ఇప్పుడదే పేటలో ఫోనున్న ప్రతివాడూ డైరెక్టరే. కాదనేవాళ్లు లేరు.

చూసేవాళ్లూ లేరు!

నిర్మాతల తీరు మాత్రం పాతదే. కథ వింటారు, కాఫీ ఇస్తారు, ‘కబురు పెడతాం’ అంటారు. అలా ఎన్నో గుమ్మాలు తిరిగిన దర్శకుడు తరుణ్ భాస్కర్ కథకు ‘పెళ్లి చూపులు’ అనే పేరే కుదిరింది. చివరికి నిర్మాత రాజ్ కందుకూరి తాళి కట్టారు. 2016లో విడుదలై ఉత్తమ తెలుగు చిత్రంగానూ, మాటలకూ జాతీయ అవార్డులు తెచ్చుకుంది.

లంబాడిపల్లి గంగవ్వకైతే యూట్యూబ్‌లో ‘మై విలేజ్ షో’ చాలింది. 2020లో బిగ్‌బాసే పిలిచాడు.

రామంతాపూర్ డైరెక్టర్ ఇంకా లైకులు లెక్కపెడుతున్నాడు. మేనత్తది పడలేదట!