పూర్తి మార్కులు

ఆ పని మా ఆసుపత్రివాళ్ళు నాకే అప్పజెప్పినందుకు కాస్త పొంగిపోయిన మాట నిజం. మనసు బాగోలేనివాళ్ళ కోసమంటూ సెల్‌ఫోన్లలోకి యాప్‌లు కుప్పలు తెప్పలుగా వచ్చి పడుతున్నాయి కదా, వాటిలో మా పేషెంట్లకి ఏది చెప్పొచ్చో ఏది చెప్పకూడదో మార్కులు వేసి తేల్చాలి. పద్దెనిమిదేళ్ళుగా సైకియాట్రిస్టుని. నాకంటే తగినవాడెవడు? వడబోస్తే మూడు మిగిలాయి. వాటిలో తెలుగు వచ్చింది ఒక్కటే.

తెలుగు యాప్‌ని పరీక్షించడానికి తెలుగు తప్ప ఇంకోటి చదవని మనిషి కావాలి. ఆ మనిషి ఇంట్లోనే ఉంది. నాన్న పోయాక తెనాలి ఇంటికి తాళం వేసి అమ్మని కూకట్‌పల్లి తీసుకొచ్చి అప్పటికి ఏడు నెలలు.

“అమ్మా, ఇందులో రెండు వారాలకోసారి తొమ్మిది ప్రశ్నలు వస్తాయి. నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా, ఇలాంటివే. దిగులుగా ఉన్నట్టు నటిస్తూ ఏదో ఒకటి నొక్కు. అక్షరాలు కనపడుతున్నాయా, మధ్యలో ఎక్కడన్నా ఆగిపోతోందా, నాక్కావలసింది అదీ.”

“నటించాలా?” అంది.

“ఊఁ, ఉత్తుత్తికే.”

“సరే నాయనా” అని కళ్ళజోడు కొంగుతో తుడుచుకుంది.

రాత్రి భోజనాలయ్యాక గది తలుపేసుకుని రిపోర్టు రాసేవాణ్ణి. మా ఆవిడది అమెరికా వేళల ఉద్యోగం కాబట్టి తన గది తలుపూ మూసే ఉంటుంది.

ముందుమాటకి మంచి కథ దొరికింది. 1966లో అమెరికాలో ఎం.ఐ.టి. ప్రొఫెసరు జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ అనే ప్రోగ్రాం సంగతి లోకానికి చెప్పాడు. మనం టైపు చేసిన మాటనే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికి పెద్దగా ఏమీ రాదు. ఆ సంగతి ఆయన సెక్రటరీకీ తెలుసు. అయినా దానితో నాలుగు మాటలు మాట్లాడేసరికి, మీరు కాస్త గదిలోంచి బయటికి వెళ్తారా అని ఆయన్నే అడిగింది. ‘వినే చెవి దొరికితే చాలు, మనిషి మరమనిషి ముందైనా మనసు విప్పుతాడు’ అని రాసి, వాక్యం బాగా కుదిరిందని మళ్ళీ చదువుకుంటుంటే తలుపు చప్పుడైంది.

“అబ్బాయ్, కాఫీ ఏమన్నా తాగుతావా?”

పదకొండు కావస్తోంది. “ఈ టైములో కాఫీ ఏంటమ్మా? పనిలో ఉన్నా.”

“సరేలే నాయనా.”

మార్కులు వెయ్యడానికి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ పద్ధతి తీసుకున్నాను. అందులో ఐదు మెట్లు. ఎవరు చేశారు, గుట్టు దాస్తుందా, పనిచేస్తుందనడానికి ఆధారం ఉందా, వాడటం సులువా, చివరికి తెలిసిన సంగతి డాక్టరు దాకా చేరి వైద్యానికి ఉపయోగపడుతుందా. రెండో మెట్టు దగ్గరే చాలా యాప్‌లు జారిపడతాయి. 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ బెటర్‌హెల్ప్ అనే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ చేత 78 లక్షల డాలర్లు కట్టించింది. కడుపులో పెట్టుకుంటామన్న కష్టాల తాలూకు వివరాలని ప్రకటనల కోసం ఫేస్‌బుక్ లాంటి సంస్థలకి అందించారన్నది అభియోగం. ‘నమ్మి చెప్పుకున్న మాట నాలుగు గోడలు దాటకూడదు’ అని రాస్తుండగా మళ్ళీ తలుపు.

“మీ నాన్న వాచీ ఆగిపోయిందిరా.”

“సెల్లు అయిపోయుంటుంది. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడతాలే. రేపు గుర్తుచెయ్యి.”

కాసేపు చడీచప్పుడూ లేదు. “సరేలే నాయనా.”

ఆఖరి రాత్రి అమ్మ ఫోన్ తెచ్చుకుని లెక్కలు తీశాను. ఆ తొమ్మిది ప్రశ్నలూ యాప్‌వాళ్ళు కనిపెట్టినవి కావు. పి.హెచ్.క్యూ.–9 అని మేం రోజూ వాడేవే. ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పదికి చేరితే పట్టించుకోవాలి, పదిహేనుకి చేరితే వైద్యం మొదలుపెట్టాలి. అమ్మవి మొదట 8, తర్వాత 12, ఇప్పుడు 17. గీత మెట్లెక్కినట్టు చక్కగా పైకి పోతోంది. ‘మార్పుని సున్నితంగా పట్టుకుంటోంది’ అని 5కి 5 వేశాను.

17 రాగానే తెర మీద రెండు సలహాలు వచ్చాయి. మొదటిది 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ–మానస్ నంబరు. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు. 5కి 5. రెండోది, ‘మీకు దగ్గరివారితో మనసు విప్పి మాట్లాడండి.’ ఖర్చు లేనిది, ఎదురుచూపులు అక్కర్లేనిది. దీనికీ 5కి 5 వేస్తుంటే తలుపు మీద చిన్నగా చప్పుడు.

“ఏంటమ్మా?”

“ఏం లేదు. లైటు వెలుగుతుంటేనూ...”

“అయిపోవచ్చింది. నువ్వు పడుకో.”

తెల్లారి కాఫీ గ్లాసుతో బాల్కనీలోకి వెళ్ళాను. అమ్మ పేపరు చూస్తోంది. నెల రోజుల బరువు దిగిపోయింది కదా, హుషారుగా ఉన్నాను.

“ఏం నటించావమ్మా! తెనాలిదానివనిపించుకున్నావు. స్టేజీ ఎక్కాల్సినదానివి.”

అమ్మ నవ్వలేదు. “అక్షరాలు బాగానే కనపడుతున్నాయి. ఎక్కడా ఆగలేదు. తొమ్మిదోదానికి మాత్రం మూడుసార్లూ ‘లేదు’ అనే నొక్కాను. కంగారుపడకు.”

తొమ్మిదో ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. చచ్చిపోతే బాగుండునని అనిపిస్తోందా అని అడిగేది అదే. గ్లాసు చేతిలోనే ఆగిపోయింది.

“మిగతా ఎనిమిదీ...?”

అమ్మ పేపరు నాలుగు మడతలు పెట్టింది.

“ఆ నంబరు మంచిదే, దానికి పూర్తి మార్కులు వెయ్యి. తెల్లవారుజామున చేశాను. ఎవరో అమ్మాయి, అరగంట సేపు ఓపిగ్గా విన్నది. తెలిసిన డాక్టర్లెవరన్నా ఉన్నారా అమ్మా అని అడిగింది. నీ సంగతి చెప్పలేదులే, నీకు చిన్నతనం.”

నాకు నోట మాట రాలేదు. అమ్మే మళ్ళీ అంది.

“రెండోదానికి మాత్రం మార్కులు తగ్గించు నాయనా. మూడుసార్లు నీ తలుపు కొట్టి చూశాను.”