పక్షి కూతల ప్లేట్లు కొనేవాళ్లకు తలకిందుల సలహాలు

అట్ట చూసి కొనండి.

గ్రామఫోన్ ప్లేట్లు పోగేసే పెద్దలు ఈ మాట వింటే నొచ్చుకుంటారు. ముందు ప్లేటును వెలుతురుకి పట్టి గీతలు చూడాలి, గాడి అయిపోయి లేబుల్ మొదలయ్యే చోట గీసిన అంకెలు చదవాలి, ఏ టేపు నుంచి ఎక్కించారో ఆరా తీయాలి, అట్ట సంగతి ఆఖరున చూసుకోవాలి. వాళ్లు నేర్పే వరస ఇది. జాజ్‌కైనా, కచేరీ రికార్డులకైనా నేనూ ఆ వరసే పాటిస్తాను. ఎగ్జోటికా అనే ఈ పక్షి కూతల సంగీతం దగ్గరకొచ్చేసరికి మాత్రం దాన్ని తిరగేయాలి. కింద చెప్పేవన్నీ అలా తిరగేసిన సలహాలే. చాలా ఏళ్లుగా ఈ ప్లేట్లు కొని, విని, కొన్నిసార్లు డబ్బు పోగొట్టుకుని నమ్మకం కుదిరాకే చెబుతున్నాను.

ఈ సంగీతం ఎలా పుట్టిందో తెలిస్తే నా వాదన అర్థమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికన్ సైనికులు ఇళ్లకు తిరిగొచ్చారు. ఆ దీవుల మీద జేమ్స్ మిచెనర్ రాసిన కథలు 1947లో, వాటి ఆధారంగా కట్టిన 'సౌత్ పసిఫిక్' సంగీత నాటకం 1949లో వచ్చాయి. వెదురు గోడలు, కొయ్య విగ్రహాలు, రమ్ము పానీయాలు ఉండే బార్లు అమెరికా ఊళ్లలో వెలిశాయి. అలాంటి గదులకు తగిన సంగీతం కావాల్సి వచ్చింది. టెక్సాస్‌లో పుట్టిన లెస్ బాక్స్టర్ 1951లో క్యాపిటల్ కంపెనీకి 'రిచువల్ ఆఫ్ ది సావేజ్' అనే రికార్డు చేశాడు. అందులోని 'క్వయెట్ విలేజ్' అనే పాటను హొనొలులులో ఒక హోటల్ బార్లో పియానో వాయించే మార్టిన్ డెనీ తన చిన్న బృందంతో మరో రకంగా మలిచాడు.

ఆ బారు పక్కన చిన్న కొలను ఉండేది. బృందం వాయిస్తుంటే కప్పలు బెకబెకమనేవి, పాట ఆగితే అవీ ఆగేవి. సరదా పుట్టి వాద్యకారులు నోటితో పక్షుల్లా కూశారు. మర్నాడు ఒకాయన వచ్చి, ఆ పక్షులూ కప్పలూ ఉన్న పాట మళ్లీ వాయించమని అడిగాడట. డెనీ ఈ సంగతిని ముసలితనంలో కూడా చెబుతూనే ఉండేవాడు. ఆ తర్వాత గాళ్లు చెక్కిన గొట్టాన్ని పుల్లతో గీకి కప్ప అరుపు పుట్టించారు. డప్పులు వాయించే ఆగీ కొలోన్ పక్షి అయ్యాడు. 1957లో లిబర్టీ కంపెనీ వేసిన వాళ్ల తొలి ప్లేటుకి 'ఎగ్జోటికా' అని పేరు పెట్టింది కంపెనీ పెద్ద సై వారన్‌కర్. హవాయి 50వ రాష్ట్రంగా అమెరికాలో చేరిన 1959లో ఆ ఆల్బమ్ బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి, 'క్వయెట్ విలేజ్' పాట 4వ స్థానానికి ఎక్కాయి.

అంటే ఇది ఏ దీవిలోనూ పుట్టిన సంగీతం కాదు, ఏ జాతిదీ కాదు. హోటల్లో కూర్చున్న అతిథికి అడవిని ఊహించి ఇచ్చిన సంగీతం. ఆ ఊహ మొదలయ్యేది అట్ట దగ్గర. డెనీ తొలి ప్లేటు అట్ట మీద వెదురు తెర వెనక నుంచి చూసే అమ్మాయి పేరు శాండీ వార్నర్. తర్వాత వచ్చిన అనేక డెనీ ప్లేట్ల మీదా ఆమే ఉంది. ఒక్కో ప్లేటు పేరుకి తగ్గట్టు జుట్టు రంగు మార్చుకుని కనిపించేది. అట్టలేని ఎగ్జోటికా ప్లేటు నా దృష్టిలో సగం ప్లేటే.

కొత్త ముద్రణ మంచిదో కాదో తేల్చడానికి అట్టే మొదటి సాక్షి కూడా. అక్షరాల అంచులు మసకబారి, ముఖం మీద చుక్కలు తేలి కనిపిస్తే, పాత అట్టను ఫోటో తీసి మళ్లీ అచ్చేశారని అర్థం. అసలు బొమ్మ కోసం వెతకనివాడు అసలు టేపు కోసం వెతికాడని నేను నమ్మను. ఒకసారి అట్ట సంగతి పట్టించుకోకుండా ఒక ముద్రణ తెప్పించుకున్నాను. అమ్మాయి ముఖం తడిసిన దినపత్రికలా ఉంది. ప్లేటు పెడితే పాట చివర మెల్లగా సన్నగిల్లాల్సిన పక్షి కూత కత్తిరించినట్టు టక్కున ఆగింది.

ఇక, ఒరిజినల్ వెంట పడకండి. ఈ మాటకే నాకు ఎక్కువ తిట్లు పడ్డాయి. ఇవి లక్షల్లో అమ్ముడైన ప్లేట్లు. ఆనాటి ఇళ్లలో విందుల రాత్రి ఒకదాని మీద ఒకటి పడే రికార్డ్ ఛేంజర్లలో, బరువైన ముళ్ల కింద తిరిగాయి. మెల్లగా మోగాల్సిన సంగీతం కావడంతో, గాడి అరిగిన చిటపట మొత్తం పైకి తేలుతుంది. రాక్ పాటలో ఆ చప్పుడు కలిసిపోతుంది, వైబ్రఫోన్ ఒంటరిగా మోగే చోట కలవదు. 1993లో 'ఇన్‌క్రెడిబ్లీ స్ట్రేంజ్ మ్యూజిక్' అనే పుస్తకం వచ్చేదాకా అమెరికాలో పాత సామాన్ల దుకాణాల్లో వీటిని పట్టించుకున్నవాళ్లు తక్కువ. క్యాపిటల్ కంపెనీ 'అల్ట్రా లౌంజ్' పేరుతో 1996 నుంచి సీడీలు వేసింది. ఆ తర్వాత మళ్లీ ప్లేట్లు వచ్చాయి. మనదాకా చేరే ఒరిజినల్స్ చాలామటుకు ఎవరో అరగదీసినవే. బాగా చేసిన కొత్త ముద్రణ దొరుకుతుంటే దాన్నే తీసుకోండి.

మోనోనా, స్టీరియోనా అనే చోట కాస్త నిదానించాలి. డెనీ 'ఎగ్జోటికా'లు రెండున్నాయి. మొదటిది 1956 డిసెంబరులో వైకికీలో మోనోలో రికార్డయింది, అందులో వైబ్రఫోన్ వాయించింది ఆర్థర్ లైమన్. స్టీరియో ప్లేట్లు బజారుకి రావడంతో 1958లో అదే ఆల్బమ్‌ని స్టీరియో కోసం మళ్లీ వాయించారు. అప్పటికి లైమన్ విడిపోయి సొంత బృందం పెట్టుకున్నాడు, ఆ చోట్లో జూలియస్ వెక్టర్ కూర్చున్నాడు. కాబట్టి స్టీరియో ముద్రణ కొంటే మీ చేతికొచ్చేది అదే రికార్డింగు విడదీసిన రూపం కాదు, మనిషి మారిన బృందం వేరే రోజున వాయించినది. డెనీకి కూడా మొదటి మోనోయే ఇష్టంగా ఉండేది. నాకూ అంతే. కొత్త దారి తొక్కుతున్నామన్న ఉత్సాహం మొదటిదాంట్లో వినిపిస్తుంది. అట్ట వెనక ఏ ఏడాది రికార్డింగో రాయని ముద్రణను వదిలేయండి.

లైమన్ ప్లేట్ల విషయంలో మాత్రం స్టీరియోకే నా ఓటు. ఆయన 'టబూ'ని, ఆ తర్వాతి రికార్డుల్ని వైకికీలో హవాయియన్ విలేజ్ హోటల్ ఆవరణలో ఉన్న అల్యూమినియం గుమ్మటంలో, అర్ధరాత్రి దాటాక రికార్డు చేశారు. ట్రాఫిక్కు, పర్యాటకుల సందడి, తలుపుల చప్పుడు ఉండకూడదని. ఒక్క దెబ్బ కొడితే మూడు సెకన్లకు పైగా మోగే గుమ్మటం అది. బృందమంతా ఒకేసారి వాయించింది, తర్వాత అతికించింది ఏమీ లేదు. రాత్రి చల్లబడేకొద్దీ ఆ లోహపు కప్పు కిర్రుమనే శబ్దం కూడా అక్కడక్కడా ప్లేటులోకి ఎక్కింది. అందుకే చప్పుళ్లన్నీ తీసేశామని గొప్పగా రాసుకున్న ముద్రణను కొనకండి. కంప్యూటర్‌కి కప్పు కిర్రుమన్నదీ, ముల్లు గరగరలాడినదీ ఒకటే. ఒకదాన్ని తుడిస్తే రెండోదీ పోతుంది, దానితోపాటు గుమ్మటపు మోత చివరి సెకను కూడా.

యూరప్ నుంచి వచ్చే చవక ముద్రణల్ని దొంగ సరుకని పెద్దలు కొట్టిపారేస్తారు. నేను పారేయను. యూరప్‌లో రికార్డింగు హక్కు 50 ఏళ్లే ఉండేది. 2013లో దాన్ని 70కి పెంచినప్పుడు, అప్పటికే గడువు తీరినవాటికి మళ్లీ రక్షణ రాలేదు. 1962 వరకు వచ్చిన ప్లేట్లన్నీ, అంటే ఎగ్జోటికా మంచి రోజుల్లోవి దాదాపు అన్నీ, అక్కడ ఎవరైనా వేసుకోవచ్చు. మన దేశంలో ఆ గడువు 60 ఏళ్లు. అమెరికాలో మాత్రం 2018 చట్టం ప్రకారం 1957లో వచ్చిన రికార్డింగుకి 2067 దాకా హక్కుంది. పాట కట్టినవాళ్ల హక్కు ఎక్కడైనా వేరుగానే ఉంటుంది. చవక ముద్రణ తప్పు చట్టంలో లేదు. అసలు టేపు వాళ్ల చేతికి రాదు కాబట్టి పాత సీడీ నుంచో, మరో ప్లేటు నుంచో ఎక్కిస్తారు. మంచి సీడీ నుంచి శ్రద్ధగా ఎక్కిస్తే బాగానే మోగుతుంది. మధ్యలో డిజిటల్ అడుగు పడితే ప్లేటు చెడిపోయినట్టేనన్న నమ్మకాన్ని వదిలేయండి. పూర్తిగా అనలాగే అని జనం నమ్మి కొన్న ఒక పేరున్న కంపెనీ ప్లేట్లలో ఏళ్ల తరబడి డిజిటల్ అడుగు ఉందని 2022లో బయటపడింది. అప్పటిదాకా వాటిని మెచ్చుకున్న చెవులకు తేడా తెలియలేదు.

180 గ్రాముల బరువైన ప్లేట్ల గురించి ఒక్క మాట: బరువు పెరిగినా గాడి లోతు మారదు. రంగు ప్లేట్లను చూసి మొహం చిట్లించనక్కర్లేదు, 1950లలోనే ఫ్యాంటసీ కంపెనీ ఎర్ర ప్లేట్లు వేసేది.

ఆ ఫ్యాంటసీ ప్లేట్ల మీదే మనకు కావలసిన మనిషి ఉన్నాడు. కోర్లా పండిట్. రత్నం పొదిగిన తలపాగా, కెమెరాలోకి రెప్ప వేయని చూపు, చేతుల కింద హామండ్ ఆర్గన్. 1949 నుంచి లాస్ ఏంజెలెస్ టీవీలో కార్యక్రమం చేశాడు, అందులో ఒక్క మాటా మాట్లాడలేదు. ఢిల్లీలో పుట్టానని, తండ్రి బ్రాహ్మణుడని, తల్లి ఫ్రెంచ్ గాయని అని చెప్పుకున్నాడు. 1998లో చనిపోయాడు. 2001లో లాస్ ఏంజెలెస్ పత్రిక ఒకటి అసలు సంగతి రాసింది. ఆయన పేరు జాన్ రోలండ్ రెడ్. మిస్సోరీ రాష్ట్రంలో పుట్టిన నల్లజాతి అమెరికన్. భారతీయుడు కాకముందు హువాన్ రొలాండో అనే పేరుతో మెక్సికన్‌గా కూడా పని సంపాదించుకున్నాడు. ఆనాటి అమెరికాలో నల్లవాడికి టీవీలో సొంత కార్యక్రమం దొరకడం దాదాపు అసాధ్యం. తలపాగా చుట్టుకుంటే తలుపు తెరుచుకుంది.

ఇది తెలిశాక మనవాళ్లు కొందరు నన్ను నిలదీశారు. మన దేశాన్ని వేషంగా కట్టుకున్న మనిషి ప్లేటు నీకెందుకు, మనల్ని బొమ్మలా చూసిన సంగీతానికి డబ్బెందుకు అని. ఆ బాధ నాకు తెలుసు. తలపాగా చుట్టిన బ్రాహ్మణుణ్ని అట్ట మీద మొదటిసారి చూసినప్పుడు నాకూ ఒళ్లు మండింది. అయినా కొనమనే చెబుతాను. ఆ అట్ట వెనక రాసినదంతా చదవండి. ఏ దేశం గురించి ఎవరు ఏమి ఊహించారో, ఆ ఊహ చాటున ఒక ప్రతిభావంతుడు తన జాతిని జీవితాంతం ఎందుకు దాచుకోవాల్సి వచ్చిందో ఆ ప్లేటు చెబుతుంది. కొత్త ముద్రణ పాత అట్ట మీది అబద్ధాన్ని చెరపకూడదు, దాన్ని ఒంటరిగానూ వదలకూడదు. లోపల ఒక కాగితం పెట్టి నిజం చెప్పాలి. నిజం చెప్పే కాగితం లేని కోర్లా పండిట్ రీఇష్యూకి, అది ఎంత బాగా మోగినా, నేను డబ్బు పెట్టను. ఎక్కువ ధర పెట్టడానికి నాకు ఒప్పుదలైన కారణం ఆ కాగితమే. న్యూమరో గ్రూప్ 2018లో మూడు ప్లేట్లుగా తెచ్చిన 'టెక్నికలర్ పారడైజ్' నాకు నచ్చడానికి కూడా కారణం, పేరు తెలియని చిన్న బృందాల చరిత్ర వెతికి పాటలతోపాటు ఇవ్వడం.

ఈ ఊహను అవతలి ఒడ్డు నుంచి తిప్పి చూసినవాళ్లూ ఉన్నారు. డెనీ 1959లో 'ఫైర్‌క్రాకర్' అనే పాటలో తూర్పు ఆసియాను ఊహించాడు. 1978లో టోక్యోలో హరుఓమి హొసొనో తన ఎల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా తొలి రికార్డులో అదే పాటను సింథసైజర్ల మీద వాయించి వెనక్కి పంపాడు. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినండి, వరస మారకుండా.

వినేటప్పుడు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోవద్దు. ఇది గ్లాసుల చప్పుడు మధ్య వాయించిన సంగీతం. ధ్వని బాగా తగ్గించి పక్క గదికి వెళ్లండి, బట్టలు మడతపెట్టండి, కూర తరుక్కోండి. ఒక మే నెల పొద్దున హైదరాబాదులో మా వంటింట్లో అలాగే వింటుంటే, కొలోన్ కూతకి బయట వేపచెట్టు మీది కోయిల బదులు పలికింది. ప్లేటు అయిపోయాక కూడా కాసేపు పిలిచింది.

సీలు తీయకుండా దాచుకోకండి. సీలు ఉంటే విలువ పెరుగుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. బిగుతు ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా బిగుసుకుని ప్లేటును వంచుతుంది. మన ఎండలో ఆ పని ఇంకా తొందరగా అవుతుంది, వానాకాలంలో అట్టకి బూజు పడుతుంది. బీరువా మీద పడుకోబెట్టి దాచిన నా 'టబూ' ఒక వేసవికే అప్పడంలా లేచింది, మళ్లీ మోగలేదు. మీ ఇంట్లో సీలు తీయనిది ఉంటే ఈ రాత్రే చింపండి. వినడం అయ్యాక నిలబెట్టి పెట్టండి, పడుకోబెట్టకండి.