ఎడమ పాదం కొలువు

కారు నడపడంలో తమకు సాటి లేదనుకొనేవారిలో చాలామంది ఒక సిద్ధాంతాన్ని, దాన్ని ఎవరు ప్రతిపాదించారో, ఎవరు నిరూపించారో అడగకుండానే తలదాల్చి తిరుగుతున్నారు. ఎడమ పాదం క్లచ్ పెడల్ మీద కొలువుదీరి ఉన్నంతసేపే బండి మాట వింటుందనీ, పాదం పక్కకు తొలగితే అది పగ్గాలు తెంచుకుంటుందనీ ఆ సిద్ధాంత సారాంశం. దానికి రెండు అనుబంధాలు కూడా ఉన్నాయి: ఎత్తు రోడ్డు మీద సిగ్నల్ పడినప్పుడు హ్యాండ్‌బ్రేక్ జోలికి పోకుండా హాఫ్ క్లచ్ మీదే బండిని నిలబెట్టడం పనితనమని మొదటిది చెబుతుంది, పల్లం కనబడగానే గేరు తీసి న్యూట్రల్‌లో వదిలితే ఇంధనం మిగులుతుందని రెండోది చెబుతుంది. ఈ మూడింటికీ పెట్టుబడి ఒక్కటే, పెడల్ తీరు తమ పాదానికి తెలిసినంతగా బండిని తయారుచేసినవారికి కూడా తెలియదన్న ధీమా. పెడల్ నిజంగానే పాదానికి చాలా సంగతులు చెబుతుంది కనుక ఈ ధీమాను పూర్తిగా కొట్టిపారేయడం కుదరదు. అయితే ఆ సంగతులను అందరికంటే తక్కువగా వినేవి ఈ ధీమా ఉన్న పాదాలే కావడం గమనార్హం.

సిద్ధాంతాన్ని పరీక్షించే ముందు క్లచ్ చేసే పనిని తెలుసుకోవడం అవసరం. ఇంజన్ చివర దానితోపాటు తిరిగే బరువైన చక్రాన్ని ఫ్లైవీల్ అంటారు. దానికి ఆనుకొని, గేరుబాక్సులోకి పోయే ఇరుసు మీద క్లచ్ ప్లేటు ఉంటుంది. ఆ ప్లేటును ఫ్లైవీల్‌కేసి అదిమిపట్టి రెంటినీ ఒక్కటిగా తిప్పేది ప్రెషర్ ప్లేటు. పెడల్ తొక్కినప్పుడు రిలీజ్ బేరింగ్ ముందుకు జరిగి ప్రెషర్ ప్లేటులోని స్ప్రింగు వేళ్లను నొక్కుతుంది, దాంతో పట్టు సడలి ఇంజన్‌కూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. పెడల్‌ను మెల్లగా వదులుతూ వస్తే ఒక చోట ఇంజన్ చప్పుడు బరువెక్కుతుంది, బండి ముందుభాగం కొద్దిగా లేచినట్టవుతుంది, బొటనవేలి మొదట్లో సన్నని అదురు తగులుతుంది. ప్లేటు పట్టడం మొదలయ్యే ఈ చోటునే బైటింగ్ పాయింట్ అంటారు. కేబుల్‌తో పనిచేసే క్లచ్‌లలో ప్లేటు అరిగేకొద్దీ ఈ చోటు పైపైకి జరుగుతుంది, పెడల్ బరువెక్కుతుంది. గేరుబాక్సు విప్పకుండానే లోపలి ప్లేటు ఆయుష్షు ఎంత మిగిలిందో అరికాలికి కబురు అందుతూనే ఉంటుందన్నమాట. ఆ కబురు అందాలంటే పాదం అప్పుడప్పుడైనా పెడల్ మీది నుంచి లేవాలి; ఉదయం ఎక్కి సాయంత్రం దాకా అక్కడే బైఠాయించిన పాదానికి నిన్నటికీ నేటికీ తేడా తెలిసే దారి లేదు.

ఈ అభ్యంతరానికి అనుభవజ్ఞులు ఇచ్చే సమాధానం ప్రసిద్ధమైనదే: కాలు ఊరికే ఆనించి ఉంచుతున్నారు తప్ప తొక్కడం లేదట. మనిషి కాలికి బరువు ఉంటుందనీ, ఆ బరువు కాలి యజమాని ఉద్దేశంతో నిమిత్తం లేకుండా కిందికే పడుతుందనీ ఒప్పుకొంటే ఈ సమాధానం అక్కడితో ముగుస్తుంది. గేరు మార్చే ఒకటి రెండు క్షణాలు మాత్రమే భారం మోయవలసిన బేరింగ్ హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా ఆ కాలును మోస్తుంది. బరువు ఇంకొంచెం పడితే ప్రెషర్ ప్లేటు పట్టు తగ్గి, ఇంజన్ తిరిగినంతగా ప్లేటు తిరగక, మధ్యలో రాపిడి పుట్టి, ఆ వేడికి ప్లేటు పూత కాలి అరిగిపోతుంది. ఈ కాలికోసమే చాలా కార్లలో క్లచ్‌కు ఎడమవైపున, నొక్కినా కదలని ఒక మెట్టును తయారీదారులు అమర్చారు. దాన్ని డెడ్ పెడల్ అంటారు. తెలుగునాట అది నీళ్ల సీసాకు ఆసరాగా స్థిరపడింది.

పాదం సిద్ధంగా ఉంటే ఆపద సమయంలో అక్కరకొస్తుందన్నది సిద్ధాంతానికి మరో సమర్థన. హఠాత్తుగా ఏదైనా అడ్డం వచ్చినప్పుడు బండిని ఆపేది బ్రేకు. బ్రేకుతోపాటే క్లచ్ కూడా తొక్కేస్తే గేరులో ఉన్న ఇంజన్ సహజంగా కలిగించే నిరోధం, అంటే ఇంజన్ బ్రేకింగ్, కాస్తా పోతుంది. మెర్సిడెస్ సంస్థ పరిశోధకులు డ్రైవింగ్ సిమ్యులేటర్లలో పరిశీలించినప్పుడు, ఆపదలో చాలామంది బ్రేకును వేగంగానే అందుకున్నా తగినంత గట్టిగా తొక్కలేకపోతున్నారని తేలింది. ఆ లోటును యంత్రం చేత పూరించడానికే 1996లో ఆ సంస్థ బ్రేక్ అసిస్ట్ అనే ఏర్పాటును కార్లలో ప్రవేశపెట్టింది. ఆపదలో మనుషులకు కరవైనది బ్రేకు మీద బలమని ఆ పరిశోధకులు కనుక్కొంటే, ఇక్కడి పండితులు ఉన్న బలాన్నంతా ఎడమకాలి కింద ముందే డిపాజిట్ చేసుకొని కూర్చున్నారు.

ఇంత గట్టి విశ్వాసం గాలిలోంచి పుట్టలేదు, దాని వేళ్లు డ్రైవింగ్ స్కూలులో ఉన్నాయి. నేర్పే బండిలో శిక్షకుడి వైపు కూడా పెడల్స్ ఉండాలన్నది నిబంధన, అది న్యాయమైనదే. అయితే విద్యార్థి పాదం తడబడిన ప్రతిసారీ పక్కసీటులోని పాదం ఆ పని పూర్తిచేయడం వల్ల, బండిని ఆపింది ఎవరో తెలియకుండానే కోర్సు ముగుస్తుంది. బ్రేకుకు ముందు ‘క్లచ్ తొక్కు’, మలుపుకు ముందు ‘క్లచ్ తొక్కు’, గేదె కనబడితే ‘క్లచ్ తొక్కు’ అంటూ సకల రోగాలకూ ఒకే మాత్ర వేస్తారు. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె ట్రాకు మీదా, ‘హెచ్’ ట్రాకు మీదా బండి ఆగిపోకుండా తిరిగిరావడమే మోక్షం కనుక, ఆ మాత్ర అక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది కూడా. నిమిషాల పరీక్షను గట్టెక్కించిన చిట్కా తరువాతి ముప్పై ఏళ్లకు శాస్త్రమై కూర్చుంటుంది.

మొదటి అనుబంధమైన హాఫ్ క్లచ్ విద్యకు బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ రోడ్ల వంటి ఏటవాలు ప్రదేశాలు ప్రదర్శనశాలలు. సిగ్నల్ దగ్గర బండి ముందుకూ పోక, వెనక్కీ జారక, రెండంగుళాల మేర ఊగుతూ నిలబడుతుంది. పక్కన కూర్చున్నవారు ఆ ఊపును ప్రతిభగా గుర్తించాలని నడిపేవారి ఆశ. ఫ్లైవీల్ తిరుగుతూ, చక్రాలకు తగిలించిన ప్లేటు నిలిచిపోయి, రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకొంటున్న స్థితికి బయటికి కనిపించే రూపమే ఆ ఊపు. కాసేపటికి కాలిన వాసన వస్తే ముందున్న లారీని అనుమానించి అద్దాలు ఎత్తుకోవడం ఆనవాయితీ. హ్యాండ్‌బ్రేక్ లాగి, ప్లేటు పట్టుకుంటున్న అదురు పాదానికి అందాక వదిలితే బండి అంగుళం కూడా జారదు. లైసెన్సు పరీక్షలోని గ్రేడియెంట్ ట్రాకు ఉద్దేశం కూడా ఏటవాలు మీద ఇలా జారకుండా కదిలించడమే. అయినా చేతితో లీవరు లాగడం నేర్చుకొనేవారి లక్షణమనీ, తమ స్థాయికి అది తగదనీ నిపుణుల అభిప్రాయం.

ఈ విద్యకు ధ్రువపత్రం షెడ్డులో దొరుకుతుంది. గేరుబాక్సు దించి మెకానిక్ బయటికి తీసిన ప్లేటును చూస్తే, రివెట్ల తలలను దాచి ఉంచవలసిన పూత వాటి మట్టానికి అరిగిపోయి ఉంటుంది. ఆ తలలు గీసిన గీతలు ఫ్లైవీల్ ముఖం మీద వలయాలుగా మెరుస్తాయి. వేడికి ఉక్కు రంగు మారిన నీలి మచ్చలు వాటి మధ్య కనబడతాయి. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ కలిపి క్లచ్ సెట్ మొత్తం మార్చాలని మెకానిక్ చెప్పగానే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఈ కాలపు కంపెనీల సరుకు మన్నిక మీద ఒక ప్రసంగం మొదలవుతుంది. జీతానికి నడిపేవారి విషయంలో అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని యజమానులు వాపోతారు. సొంత కారును సొంతంగా నడుపుకొనే యజమాని షెడ్డుకు వచ్చినప్పుడు మాత్రం ఆ సామెత ఎవరికీ గుర్తుకురాదు.

పల్లంలో న్యూట్రల్ చేయాలన్న రెండో అనుబంధం కేవలం డబ్బుతో పోయేది కాదు. కార్బురేటర్ల కాలంలో దానికి కొంత ఆధారం ఉండేదని ఒప్పుకోవచ్చు. ఇప్పటి ఇంజన్లలో ఇంధనాన్ని కంప్యూటరు ఆజ్ఞ మీద ఇంజెక్టర్లు చిమ్ముతాయి. బండి గేరులో ఉండగా యాక్సిలరేటర్ మీది నుంచి పాదం తీసేసి పల్లంలో దిగుతుంటే, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతున్నాయి కనుక కంప్యూటరు ఇంధనాన్ని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్ చేసిన క్షణం నుంచి ఇంజన్ తన బతుకు తాను బతకాలి కాబట్టి ఇంధనం మళ్లీ మొదలవుతుంది. పొదుపు కోసం ఖర్చును ఆహ్వానించే ఈ పద్ధతిలో బండి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అవి కాగి కాగి, వేడి బ్రేక్ ఆయిల్ దాకా చేరి అది మరిగితే గొట్టాలలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది కనుక పెడల్ దూదిలో కాలు పెట్టినట్టు లోపలికి పోతుంది. పొదుపు పరాకాష్ఠకు చేరి తాళం కూడా తిప్పేసినవారికి ఇంకో అనుభవం దక్కుతుంది: బ్రేకును తేలికపరిచే బూస్టరు ఇంజన్ కలిగించే వాక్యూమ్ మీద ఆధారపడేది కాబట్టి, నిల్వ ఉన్న బలం రెండు మూడు తొక్కుళ్లకు అయిపోయి పెడల్ బండరాయిలా బిగుస్తుంది.

1944లో ప్రారంభమైన తిరుమల మొదటి ఘాట్ రోడ్డు నేడు దిగడానికీ, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికీ వాడుకలో ఉన్నాయి. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలనీ, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలనీ అక్కడ నిబంధన ఉంది. దిగడమే నిదానంగా సాగాలని ఆ అంకెలు చెబుతున్నాయి; ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల నియమమూ అదే చెబుతుంది. న్యూట్రల్ పండితులు మాత్రం దిగే బండి భారాన్ని బ్రేకులకూ, మిగిలినదాన్ని ఏడుకొండలవాడికీ అప్పగిస్తారు.

పెడల్ నేరుగా మాట్లాడినా ఈ పాదాలు వినవని చెప్పడానికి ఏబీఎస్ మరో నిదర్శనం. చక్రం బిగిసిపోయి జారకుండా బ్రేకును క్షణంలో అనేకసార్లు వదిలి పట్టే ఈ ఏర్పాటు 2019 ఏప్రిల్ నుంచి దేశంలో అమ్మే కొత్త కార్లకు తప్పనిసరి అయింది. అది పనిచేస్తున్నప్పుడు పెడల్ అరికాలి కింద టకటకా కొట్టుకుంటుంది. ఇంకా గట్టిగా తొక్కిపట్టి, స్టీరింగు తిప్పుకోమని దాని అర్థం. ముప్పై ఏళ్ల అనుభవం ఆ కొట్టుకోవడాన్ని బ్రేకు పాడైన సూచనగా తీర్మానించి, సరిగ్గా ఆ క్షణంలోనే పాదాన్ని పైకెత్తుతుంది. అనంతరం పెడల్ స్పర్శ మెరుగుపరచుకోవడానికి యాక్సెసరీస్ దుకాణంలో తళతళలాడే అల్యూమినియం కవర్లు కొని, పట్టునిచ్చే రబ్బరు గాళ్లను వాటితో కప్పి, తడిసిన చెప్పు జారిపోవడానికి అవసరమైన ఏర్పాట్లన్నీ పూర్తిచేస్తుంది. కంపెనీ మ్యాట్ మీద ఇంకో మ్యాట్, దాని మీద మరొకటి పరవడం కూడా ఈ అలంకరణలో భాగమే. పెడల్‌కు మ్యాట్ అడ్డుపడే ప్రమాదం ఉందని 2009లో అమెరికాలో టయోటా లక్షలాది కార్లను వెనక్కి పిలిపించవలసి వచ్చిన సంగతి దాని మహిమకు నిదర్శనంగా చాలును.

పాదానికి సహజజ్ఞానం ఉంటుందన్న మాటకు చరిత్రలోనూ ఆధారం దొరకదు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారులోనూ పెడల్స్ మూడే. కుడిది బ్రేకు, ఎడమది గేర్లకు, నడిమిది వెనక్కి పోవడానికి, యాక్సిలరేటర్ చేతి దగ్గర. ఏ సహజజ్ఞానిని అందులో కూర్చోబెట్టినా బ్రేకు అనుకొని నడిమిది తొక్కి వచ్చిన దారినే వెళ్తాడు. 1980లలో అమెరికాలో ఆడి 5000 కార్లు వాటంతటవే దూసుకుపోతున్నాయన్న గగ్గోలును పరిశీలించిన అక్కడి ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ, ఒక పెడల్ అనుకొని మరో పెడల్ తొక్కడమే ప్రధాన కారణమని 1989లో తేల్చింది. బ్రేకే తొక్కామని ఆ నడిపినవారు మనస్ఫూర్తిగా నమ్మారు. ఇప్పటి కార్లలో యాక్సిలరేటర్ కింద కేబుల్ కూడా లేదు, ఒక సెన్సరూ ఒక స్ప్రింగూ ఉన్నాయి. అయినా ఆ స్ప్రింగు ద్వారా ఇంజన్ నాడి పట్టి చూసేవారికి కొదవ లేదు. 2014లో సెలెరియో కారుతో మొదలై మన దేశంలో గేర్లను యంత్రమే మార్చుకొనే ఏఎంటీ కార్లు చవకగా అందుబాటులోకి వచ్చాక, క్లచ్ లేని కారు చేతకానివారిదని ఎగతాళి చేసిన పెద్దలే వాటిని కొన్నారు. అలవాటు చొప్పున వారి ఎడమ పాదం, లేని క్లచ్‌ను వెతుకుతూ బ్రేకును క్లచ్ తొక్కినంత బలంగా తొక్కి, వెనుక సీటులోని వారిని ముందు సీటు దాకా తీసుకువచ్చింది.

కాబట్టి అనుభవాన్ని ఏళ్లతో కొలిచే పద్ధతిని మార్చవలసిన సమయం వచ్చింది. సరైన పాదం కింద క్లచ్ సెట్ లక్ష కిలోమీటర్లు దాటి కూడా మన్నుతుంది కనుక, డ్రైవరును పనిలో పెట్టుకొనే యజమాని ఎన్నేళ్ల సర్వీసని అడగడం మాని, ఒక్కో సెట్ ఎన్ని వేల కిలోమీటర్లు వచ్చిందని అడగాలి. డీజిల్ పొదుపు చేయమని ఘాట్ రోడ్డు మీద న్యూట్రల్ ఉపదేశించే యజమానిని ఆ డ్రైవరు కూడా అదే ప్రశ్న అడగడానికి వీలుండాలి. లైసెన్సు పునరుద్ధరణ దరఖాస్తులో దానికోసం ఒక గడి కేటాయిస్తే మరీ మంచిది. ఆ గడి నింపలేని అనుభవం ఎంత పాతదైతే, పక్కన కూర్చున్నవారికి అంత ఖరీదైనది.