రేవు లేని ఊరి దాదా

పెందుర్తికి సముద్రం లేదు. అది ఇరవై కిలోమీటర్ల అవతల విశాఖ రేవు దగ్గరే ఆగిపోయింది. మా ఊరికున్నదల్లా ఒక రైల్వే స్టేషను, ఒక జంక్షను. అయినా జంక్షన్‌లో టీ కొట్టు దగ్గర మాకో రేవుదొర ఉన్నాడు. పేరెందుకు గానీ, అందరూ యానాం మావ అంటారు. ఆ పేరు అతనికతనే పెట్టుకుని మా చేత అలవాటు చేయించాడని నా అనుమానం.

ఇలాంటివాడు మా ఊళ్లోనే ఉన్నాడనుకోకండి. గోపాలపట్నంలో ఒకడున్నాడు, గాజువాకలో ఇద్దరు, కొత్తవలసలో ఎందరో లెక్క తేలలేదు. వయసు అరవై పైమాటే. గళ్ల లుంగీ, దాని మీద ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. వాటితో రాయగా ఎవరూ చూడలేదు. 1995లో తనేం చేశాడో ఎవరూ అడక్కుండానే చెప్పడం ఇతని వృత్తి.

ఈ కాలం పిల్లల కోసం ఆ 1995 సంగతి కాస్త చెప్పాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మా, తోటి ఆడవాళ్లూ కొంగు బిగించి సారా మీద తిరగబడ్డారు. ఆ నిప్పు ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా పోయింది. తర్వాత ఎన్టీ రామారావు గద్దెనెక్కగానే సంపూర్ణ మద్యనిషేధం అన్నారు. 1995 జనవరి 16 నుంచి అమలు. సంక్రాంతి అరిసెలు ఇంకా డబ్బాల్లో ఉండగానే ఊళ్లో సీసాలు మాయమైపోయాయి. 1997లో నిషేధం ఎత్తేశారు. ఆ నిషేధం ఆడవాళ్లు సాధించింది. మా జంక్షన్‌లో ఈ కథ చెప్పేవాళ్లందరూ మగాళ్లే. ఆ రెండేళ్లలో పెందుర్తిలో ఉన్న మగాడల్లా సరుకు దాటించినవాడే. తాగినవాడు మాత్రం ఒక్కడూ కనబడడు. అంత సరుకూ ఎవరు తాగారో దేవుడికే తెలియాలి.

మావ అప్పట్లో లారీ క్లీనరు. తనైతే 'ట్రాన్స్‌పోర్టు చూసీవోణ్ణి' అంటాడు. లారీ కాకినాడ వైపు వెళ్లేది. కాకినాడ దాటితే యానాం. అది 1954 దాకా ఫ్రెంచివాళ్లది, ఆ తర్వాత పుదుచ్చేరి కిందది, కాబట్టి హైదరాబాదులో పెట్టిన సంతకం అక్కడ చెల్లలేదు. చుట్టూ గోదావరి జిల్లా నాలుక పిడచకట్టుకుపోతుంటే మధ్యలో యానాం మాత్రం తడిగా ఉండేది. ఇంకోవైపు అరకు రోడ్డు పట్టుకుని పోతే ఒరిస్సా. అక్కడా నిషేధం లేదు. సబ్బవరం మీంచి వచ్చే దారీ, కొత్తవలస మీంచి వచ్చే దారీ కలిసేది ఎక్కడ? పెందుర్తిలో. మావ గర్వానికి భూగోళం ఆసరా ఉందని ఒప్పుకోవాలి.

మొదట్లో అతని కథ చిన్నదే. నేను మొదటిసారి విన్నప్పుడు రెండు సీసాలు. మరుసటి ఏడాదికి ఒక గోనెసంచి అయింది. మనవడికి అన్నప్రాసన చేసేనాటికి లారీ నిండింది. కిందటి దసరాకి అవుటర్ హార్బరు దగ్గర చీకట్లో ఓడ వచ్చి ఆగింది.

ఓడ రావడానికి కారణం అతని కొడుకు కొనిచ్చిన ఫోను. అందులో అమెరికా దొరికింది. అక్కడా జనవరి 16 రాత్రే, 1920లో, అర్ధరాత్రి దాటగానే మద్యనిషేధం మొదలైందని తెలిసిన రోజు నుంచీ మావని పట్టలేకపోతున్నాం. సరిగ్గా డెబ్బై అయిదేళ్ల తేడా. తనకీ చికాగో దాదా అల్ కాపోన్‌కీ ఏదో పూర్వజన్మ బంధం ఉందని తేల్చేసుకున్నాడు. న్యూయార్కులో బ్రూక్లిన్ రేవు కథ అతని నోట వినాల్సిందే.

"ఇదిగో గురువా, ఐర్లాండోళ్లు ముందొచ్చినారు. రేవంతా ఆల్లదే. ఓడ దిగిన పతీ బస్తాకీ కప్పం, పనిలోకెళ్లిన పతీ కలాసీకీ కప్పం. తెల్ల సెయ్యి గ్యాంగని పేరు. ఇటలీవోళ్లు ఎనకొచ్చినారు. మరి ముందొచ్చిన సెవుల కన్నా ఎనకొచ్చిన కొమ్ములు వాడి కాదేటి?"

ఇక్కడ టీ గ్లాసుని అరచేత్తో మూస్తాడు. 1997 తర్వాత పుట్టిన కానిస్టేబులు ఎవరైనా బండి మీద వెళ్తుంటే గొంతు తగ్గిస్తాడు. కానిస్టేబులు సందు తిరిగాక మళ్లీ అందుకుంటాడు.

"మీహన్ అనీవోడు నాయకుడు. 1920లో మంచం మీద తొంగున్నోణ్ణి తొంగున్నట్టే కాల్సీసినారు. తరవాత లవెట్టుగాడు. ఆణ్ణీ లేపీసినారు. తరవాత లోనర్గనని కర్రకాలోడు. సిన్నప్పుడే కాలు పోయింది పాపం. 1925 క్రిస్మస్ రాత్రి ఇటలీవోళ్ల క్లబ్బుకే ఎల్లి, తాగి, ఆల్లనే తిట్టినాడు. లైట్లు ఆరిపోనాయి. లైటొచ్చీసరికి ముగ్గురు పోనారు. ఆ రాత్రి అక్కడ ఎవులున్నారో తెలుసా? కాపోను! సికాగో నుంచి ఏటికొచ్చినాడు? కొడుక్కి సెవి ఆపరేషను. మనం కేజీహెచ్ ఆస్పత్రికి పోమా, అలగే."

చెవి ఆపరేషను దగ్గర మావ కళ్లు చెమ్మగిల్లుతాయి. కాపోన్ చివరికి హత్యలకి కాదు, ఆదాయపు పన్ను ఎగ్గొట్టినందుకు 1931లో దొరికాడని నేనంటే మాత్రం ఒప్పుకోడు. "పన్నా? మన ఊళ్లో ఎవుడు కడతన్నాడు?" అంటాడు. పోనీలెమ్మని, అమెరికాలో నిషేధం పోయిందీ, మన విశాఖ రేవులోకి మొదటి ఓడ వచ్చిందీ ఒకే ఏడాది, 1933లో, అని చెప్పాను. అంతే. నాలుగు రోజుల్లో ఆ ఓడలో కూడా సరుకుందని నాకే చెప్పాడు.

దాదా అన్నాక శత్రువు ఉండాలి. మావకి ఉన్నాడు: ఒరిస్సా బావ. ఇతను అరకు రోడ్డు ముఠా, అంటే తనొక్కడే. ఇద్దరికీ పడని చోటు టీ కొట్టు ముందున్న సిమెంటు బెంచీ. దాని మీద రోడ్డు వైపు చివర కూర్చుంటే వచ్చేపోయే బస్సులన్నీ కనబడతాయి, రాత్రి పూట ఫ్యాను గాలి తగులుతుంది. పక్కనే మంచినీళ్ల డ్రమ్ము ఉంటుంది. పెందుర్తికి ఉన్న రేవు అదొక్కటే. దాని కోసం పొద్దున్నే ఆరింటికి వచ్చి తువ్వాలు పరిచి పోతాడు ఒకడు. రెండోవాడు ఆ తువ్వాలు తీసి డ్రమ్ము మీద ఆరేస్తాడు. పోయిన వేసవిలో తువ్వాలు డ్రమ్ములోనే పడిపోయింది. ఆ రోజు జరిగిన గొడవకి టీ కొట్టువాడు రెండు గ్లాసులు నష్టపోయాడు. రక్తపాతం అంతవరకే.

మద్యం ఎన్ని కాపురాలు కూల్చిందో అందరూ చెబుతారు. 1954 నవంబరులో ఇదే మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో ప్రకాశం పంతులు ప్రభుత్వం కూలిన సంగతి మాత్రం జంక్షన్‌లో ఎవరికీ పట్టదు. అందులో తువ్వాలు లేదు కదా.

మొన్నొక ఆదివారం ఓడ కథ మంచి పాకాన పడింది. మరబోట్లు వచ్చాయి, టార్చిలైట్లు మూడుసార్లు వెలిగాయి. కాలేజీ కుర్రాళ్లు నలుగురు నోళ్లు తెరుచుకుని వింటున్నారు. అప్పుడు మావ పెళ్లాం, అదే మా అత్త, వచ్చింది. చేతిలో కూరల సంచి.

"ఓలమ్మ, ఏ ఓడ? నాయినలారా, ఈ మనిషి తెచ్చింది ఒక్క కోటరు సీసా. మా నాయనకి ఇద్దారని తెచ్చినాడు. తుని కాడ పోలీసోళ్లు లారీలు ఆపుతన్నారని ఎవుడో అన్నాడట. అన్నాడంతే, ఆపనేదు. అక్కడే తుప్పల్లోకి ఇసిరీసినాడు. ఇంటికొచ్చి మూడ్రోజులు జొరం."

బెంచీ అంతా నిశ్శబ్దం. మావ టీ గ్లాసులోకి చూస్తున్నాడు. శత్రువు ఓడిపోయాడు కాబట్టి ఒరిస్సా బావ చెయ్యెత్తి నవ్వుతాడనుకున్నాం. నవ్వలేదు. కాసేపు గొణిగి, గొంతు సవరించుకుని, "పోన్లే మావా, నాదీ అంతేనే. బోర్డరు కాడ బయం ఏసి, సీసా మొత్తం అక్కడే తాగీసినాను. బస్సు కండెక్టరు నన్ను దింపీసినాడు" అన్నాడు. ఆ రోజు నుంచీ ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుంటున్నారు. తువ్వాలు మధ్యలో పరుస్తున్నారు. ఓడ మాత్రం ఇద్దరిదీ అయింది, పెద్దదయింది కూడా.

మీరెప్పుడైనా అరకు వెళ్తూ పెందుర్తిలో టీకి ఆగితే, ఆ బెంచీ దగ్గర కాస్త నిలబడండి. కథ వాళ్లే మొదలుపెడతారు. టీ డబ్బులు మాత్రం మూడు గ్లాసులకీ మీరే ఇవ్వాలి.