బార్బర్ పీటర్‌కు ఒక ఉత్తరం

గుంటూరులో శ్రమదినాలు సరిగ్గా మిర్చి సీజన్‌లోనే వస్తాయి. ఇందులో ఎవరి కుట్రా లేదు. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం ఈస్టర్. అక్కణ్ణుంచి 46 రోజులు వెనక్కి వెళ్తే భస్మ బుధవారం. ఆరు ఆదివారాలు తీసేస్తే నలభై శ్రమదినాలు. దాదాపు ఏటా ఆ నలభైలోకే పదో తరగతి పరీక్షలు, మార్చి 31 లెక్కలు, యార్డుకు పోటెత్తే మిరప బస్తాలు (టిక్కీలు) దూరిపోతాయి. ఈస్టర్ గురించి చర్చించిన 325 నాటి నీసియా సభలో మిర్చి వ్యాపారి ఒక్కడూ లేడు. అసలు అప్పటికి మన దేశంలో మిరపకాయే లేదు!

ఇక్కడి భక్తుడి అవస్థ చూడాలి. తెల్లవారుజామున కళ్లు మూసుకుని ప్రభువు ప్రార్థన మొదలుపెడతాడు. అనుదినాహారం దగ్గర కోల్డ్ స్టోరేజీ అద్దె గుర్తొస్తుంది. ఋణాలు క్షమించే చోటికి వచ్చేసరికి పోయినేడు సరుకెత్తుకెళ్లిన పార్టీ కళ్లముందు నిలబడతాడు. వాణ్ణి క్షమించాలంటే క్వింటాకెంతో తేలాలి కదా. ఈలోగా వంటింట్లోంచి కేక: "ఏవండీ, ప్రార్థనయిందా? పిల్లాడి హాల్‌టికెట్ ఎక్కడ పెట్టారు?"

ఈ నలభై రోజులకని మాంసం మానినవారిది మరో బాధ. వాట్సాప్ మానినవారైతే, మానేస్తున్నట్టు స్టేటస్ పెట్టి, ఎంతమంది చూశారో గంటకోసారి చూసుకుంటారు.

"మనసు నిలవట్లేదండీ, అయ్యగారూ" అని వాపోయేవాళ్లకు గొప్ప తోడుంది. పదహారో శతాబ్దపు అవిలా తెరేసమ్మ, కొన్నేళ్లపాటు ప్రార్థనలో కూర్చుని గడియారం ఎప్పుడు కొడుతుందా అని ఎదురుచూశానని ఆత్మకథలో రాసుకుంది. పునీతురాలికే అలా ఉంటే, టిక్కీలు లెక్కపెట్టుకునేవాణ్ణి ఏమనగలం?

గుంటూరుకు లూథరన్ మిషనరీ హేయర్ వచ్చింది 1842లో. ఆ లూథరన్ సంఘానికి పేరిచ్చిన లూథర్‌గారే 1535లో తనకు గడ్డం గీసే పీటర్ కోసం, ప్రార్థన ఎలా చేయాలో ఉత్తరంగా ఓ చిన్న పుస్తకం రాశాడు. అందులో ఆయన ఉపమానం పీటర్ వృత్తిదే: బార్బర్ మనసు కత్తి మీదా వెంట్రుకల మీదా ఉండాలి, కబుర్లలో పడి దిక్కులు చూస్తే ఎదుటివాడి ముక్కో, గొంతో తెగుతుంది. ముందు ఈ పని చూసుకుని గంటాగి ప్రార్థిద్దాం అనే ఆలోచనను నమ్మొద్దన్నాడు. పొద్దున లేవగానే ప్రార్థించు, రాత్రి పడుకునే ముందు ప్రార్థించు, మాటలు తక్కువగా వాడు అన్నాడు. మార్చి నెలలో ఇంతకంటే ఆచరించదగ్గ సలహా దొరకదు.

పీటర్ విన్నాడా? అదే ఏడాది, ఈస్టర్‌కు సరిగ్గా ముందురోజు, భోజనాల దగ్గర అల్లుణ్ణి కత్తితో పొడిచి చంపాడు. లూథర్ వంటివారు అడ్డుపడబట్టి తల దక్కింది. ఊరు మాత్రం విడిచిపోవాల్సి వచ్చింది.

కనుక మామగార్లకు మనవి: ఈ ఏడు అల్లుణ్ణి భోజనానికి పిలిచేదుంటే ఆదివారమే పిలవండి. శనివారం వద్దు.