దండ నాది, బండి వాళ్లది

ఆరేళ్ల కిందట కొత్త కారు ఇంటికి తెచ్చిన రోజు బానెట్‌కి బంతిపూల దండ వేశాను. కొబ్బరికాయ కొట్టాను, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించాను. కొన్నాళ్లకు ఆర్సీ వచ్చింది. ఓనరుగా నా పేరు, దాని కిందే హైపోథికేషన్ అంటూ ఒక ఫైనాన్స్ కంపెనీ పేరు. దండ ఖర్చు మాత్రం నాదొక్కడిదే.

బంగారం తాకట్టు పెడితే నగ వాళ్ల లాకర్లో ఉంటుంది, మనం బోసి మెడతో తిరుగుతాం. హైపోథికేషన్ అనే ఈ బండి తాకట్టు తీరే వేరు. బండి మన వాకిట్లోనే ఉంటుంది. పెట్రోలు మనమే పోస్తాం, పంక్చర్ మనమే వేయించుకుంటాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం రాసినవాళ్లు మహా చమత్కారులు. ఇలాంటి బండికి ఓనరెవరయ్యా అంటే, ఆ తాకట్టు ఒప్పందం కింద ఎవరి స్వాధీనంలో ఉందో వారే అంటుంది సెక్షన్ 2(30). అది చదివి మీసం మెలేసేలోపు సెక్షన్ 51 ఎదురొస్తుంది: అప్పిచ్చినవాడు రాతపూర్వకంగా ఒప్పుకోనిదే బండి మరొకరి పేరిట మారదు. చలానా పడ్డప్పుడు ఓనర్ని నేనే, అమ్మబోతే మాత్రం వాళ్ల దయ. బండి తుక్కయిపోతే బీమా సొమ్ము ముందు వాళ్ల బాకీకి పోతుంది, మిగిలిందే నాకు. వాయిదాలు ఎగ్గొట్టి బండి వాళ్ల చేతికి చిక్కిందా, ఫారం 36 పెట్టి ఆర్సీయే తమ పేరిట తెచ్చుకోవచ్చు.

వాళ్లనీ అనలేం లెండి. రాత్రికి రాత్రే రాష్ట్రం దాటిపోగల తాకట్టు ఇది. ఆర్సీలోని ఆ ఒక్క లైనే వాళ్ల చేతిలో పలుపుతాడు.

60 వాయిదాలూ కట్టి మైసూర్‌పాక్ పంచాను. మొన్న అమ్ముదామని కన్సల్టెన్సీకి వెళ్తే, కుర్రాడు ఫోన్లో బండి నంబరు కొట్టి చూశాడు.

“అంకుల్, హెచ్‌పీ, అదే ఫైనాన్స్ వాళ్ల పేరు, ఇంకా ఉంది.”

“అప్పు తీరి ఏడాదైంది బాబూ!”

“అప్పు తీరింది సరే, పేరు తీయించారా?”

తీయించలేదు. కంపెనీవాళ్లు పంపిన ఎన్‌ఓసీ, తాకట్టు తీరిందని చెప్పే ఫారం 35 బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉన్నాయి. తీసి చూస్తే కింద చీమతలకాయంత అక్షరాల్లో 90 రోజుల గడువు. కొత్తది అడుగుదామని పోతే ఆఫీసు ఉన్నచోట బిర్యానీ సెంటర్ ఉంది. వాయిదా ఒక్కరోజు ఆలస్యమైతే పొద్దున్నే 8 కొట్టగానే ఫోన్ చేసినవాళ్లు, బాకీ లేదని తెలిశాక నా ఫోనే ఎత్తడం లేదు.

మీ లోను తీరిపోయి ఉంటే ఇవాళే ఆర్సీ తీసి చూడండి. వాళ్ల పేరు ఇంకా ఉంటే ఎన్‌ఓసీ, మీ సంతకం, కంపెనీ సంతకం ఉన్న ఫారం 35 రెండు ప్రతులు పట్టుకుని ఆర్టీవో ఆఫీసుకు నడవండి. పట్టుచీరల కింద మాత్రం పెట్టకండి.